ఓటీపీ ఎవరికి వస్తే పెత్తనం వాళ్ళది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒకాయన, అరవై దాటినవాళ్ళు స్మార్ట్ ఫోను పక్కన పడేసి బటన్ల ఫోను పెట్టుకోవాలనీ, బ్యాంకు పనులన్నీ పిల్లలకు అప్పగించి రామకోటి రాసుకోవాలనీ సలహా ఇచ్చారు. రోజూ పేపర్లో మోసాల వార్తలు చదివి భయపడి రాసి ఉంటారు, మంచికే చెప్పారు, కాదనను. కానీ నాకు అరవై ఎనిమిదేళ్ళు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, ఆయన చెప్పినట్టే చాలా ఏళ్ళు నడుచుకుని దాని ఫలితం రెండేళ్ళ క్రితం అనుభవించినదాన్ని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా ఏడుపు కత్తిరించండి, పనికొచ్చే సంగతులు మాత్రం ఉంచండి.

నేను మున్సిపల్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. బారువడ్డీ, చక్రవడ్డీ ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పానో. ఇంట్లో లెక్క మాత్రం మావారిది. ఆయన ఒక పొగాకు కంపెనీలో అకౌంటెంటు. నా జీతం నా ఖాతాలోనే పడేది, పాసుబుక్కు మీద పేరు నాది, చెక్కు మీద సంతకం నాది. బ్యాంకువాళ్ళు ఫోన్ నెంబరు ఇమ్మన్న రోజున నాకు ఫోను లేదు కాబట్టి ఆయనది ఇచ్చాం. తర్వాత నాకూ ఫోను వచ్చింది గానీ నెంబరు మార్పిద్దామని ఇద్దరికీ తోచలేదు. బ్యాంకుకు ఆయన నెంబరే, ఆధార్‌కు ఆయన నెంబరే, పాన్‌కు, గ్యాసుకు, కరెంటుకు, ఇంటిపన్నుకు, చివరికి నా మోకాళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించుకోవడానికి కూడా ఆయన నెంబరే. ఇది ఆయన లాక్కున్న పెత్తనం కాదు, నేను హాయిగా వదిలేసుకున్నది. "నీకెందుకు ఈ టెన్షన్" అనేవారు, నాకూ ఎందుకులే అనిపించేది. ఎన్నికలప్పుడు రికార్డు చేసిన గొంతుతో, ఫలానా అభ్యర్థి కావాలంటే ఒకటి నొక్కండి అని ఫోన్లు వచ్చేవి గుర్తుందా, అవి కూడా ఆయనకే. ఇంట్లో ఓట్లు రెండు, నొక్కే బటను ఒకటి. నేను ఓటేసింది వేరే పార్టీకి. ఆ సంగతి తెలియకుండానే వెళ్ళిపోయారు పాపం.

కార్తీకమాసంలో, గుండెపోటు, ఆస్పత్రికి తీసుకెళ్ళే లోపే. పెద్దకర్మ అయ్యాక అబ్బాయి బెంగళూరు, అమ్మాయి కూకట్‌పల్లి వెళ్ళిపోయారు. ఆయన ఫోను ఛార్జింగు పెట్టి దేవుడి గూటి పక్కన ఉంచాను. దాని లాకు ఏమిటో మాకెవరికీ తెలియదు. పుట్టినరోజు, పెళ్ళిరోజు, స్కూటరు నెంబరు, అన్నీ కొట్టి చూశాడు మావాడు. అది అరగంట ఆగమంది, తర్వాత గంట ఆగమంది, మేం కొట్టడం ఆపేశాం. నా పెన్షను పడిందని నాకు చెప్పాల్సిన మెసేజి నెలనెలా దేవుడి పక్కన టింగుమని మోగేది, లోపల ఏముందో చూసే దారి లేదు. కొన్నాళ్ళకు రీచార్జి అయిపోయింది. పోయిన మనిషి ఫోనుకు రీచార్జి ఏమిటిలే అనుకున్నాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఆ ఫోనులోంచి సిమ్ తీసి ఇంట్లో ఉన్న ఏ పాత డబ్బా ఫోనులో వేసినా నా ఖాతా ఓటీపీలు వచ్చేవని, లాకు ఉన్నది ఫోనుకే గానీ సిమ్‌కు కాదని, ఆ తర్వాత ఎప్పుడో మా పై వాటాలో అద్దెకుండే సీఏ చదివే అమ్మాయి చెప్పింది. (మా బ్రాడీపేటలో ఏ మేడ మీద చూసినా సీఏ చదివే పిల్లలే. చార్టర్డ్ అకౌంటెంట్లను తయారుచేసే పేటలో ఉండి నా ఖాతా సంగతి నాకు తెలియకపోవడం ఏమిటో.) అపార్థం చేసుకోకండి, పోయినవాళ్ళ ఖాతాలో డబ్బు వాళ్ళ ఓటీపీతో తీసుకోమని చెప్పడం లేదు, అది తప్పు, దానికి మరణ ధ్రువీకరణ పత్రంతో క్లెయిము పెట్టుకోవాల్సిందే. ఆ నెంబరుకు ముడిపడి ఉన్న మన సొంత వ్యవహారాలన్నీ విప్పుకునేదాకా సిమ్ బతికి ఉండాలంటున్నాను. అదే పత్రం చూపిస్తే సిమ్‌ను కూడా మన పేరు మీదికి మార్పించుకోవచ్చట. నాకు ఆ ముక్క చెప్పినవాళ్ళు లేరు.

వాడకం లేని నెంబరును కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకుంటారు. కనీసం 90 రోజులు ఆగి వేరేవాళ్ళకు ఇస్తారు. ఒకరోజు మధ్యాహ్నం వాట్సాప్ చూసుకుంటుంటే, 'మావారు' అని నేను పెట్టుకున్న పేరు పక్కన, బైకు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న కుర్రాడి ఫోటో. ఎంతసేపు చూశానో తెలియదు. కాసేపటికి తేరుకుని ఫోన్ చేశాను. నిజామాబాద్ వైపు అబ్బాయట, బంగారంలాంటి పిల్లాడు. "అవునాంటీ, నెలనెలా ఎవరికో పెన్షన్ పడ్డట్టు మెసేజి వస్తోంది, మా డాడీకి కూడా చూపించా" అన్నాడు. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది. కాకపోతే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

నెంబరు మార్చుకుందామని బ్యాంకుకు వెళ్ళాను. ఏ బ్యాంకో చెప్పను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, పాత నెంబరుకు ఓటీపీ వస్తుంది చెప్పండి మేడమ్ అంది. ఆ నెంబరు మనిషే లేడమ్మా అన్నాను. అయితే ఆధార్ ఓటీపీ చెప్పండి అంది. అదీ అదే నెంబరు. కంప్యూటరు వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ కంప్యూటరు వంక చూసింది. పాసుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను, నలభై ఏళ్ళుగా ఆ గుమ్మం తొక్కుతున్నాను, కానీ నేను నేనేనని చెప్పాల్సింది మాత్రం నిజామాబాద్ కుర్రాడి జేబులో ఉన్న ఫోను. నాలుగుసార్లు తిప్పారు. అయిదోసారికి వేరే మేనేజరు వచ్చి, కాగితం మీద అర్జీ, ఆధార్, పాన్ జిరాక్సులు తీసుకుని పది నిమిషాల్లో చేసిచ్చాడు. అంటే మొదటి రోజే చేయొచ్చన్నమాట!

ఇదే అవస్థలో ఉన్నవాళ్ళకు వరస చెబుతాను, నేను తలకిందులుగా మొదలుపెట్టి కాళ్ళరిగేలా తిరిగాను కాబట్టి. ముందు ఆధార్. ఆధార్ సెంటరుకు మనమే స్వయంగా వెళ్తే పాత నెంబరుతో పనిలేదు, దానికి ఓటీపీ కూడా అడగరు, కాగితాలు కూడా అక్కర్లేదు, వేలిముద్ర వేసి కొత్త నెంబరు చెబితే చాలు. శంకర్ విలాస్ దగ్గర వంతెన పనుల వల్ల మూడు వంతెనల కిందుగా చుట్టుతిరిగి ఆటోలో వెళ్ళాను. నా వేళ్ళు సుద్దముక్కలు పట్టుకుని పట్టుకుని అరిగిపోయాయో ఏమో, మిషను ఒక్క వేలూ తీసుకోలేదు. నాలాంటివాళ్ళు బెంబేలు పడి వెనక్కి వచ్చేస్తారు. రావద్దు, కంటిపాపతో కూడా చేస్తారు, అడగాలి అంతే. ఆధార్‌లో నెంబరు మారాక బ్యాంకు, ఆ తర్వాత పాన్. గ్యాసు, కరెంటు, ఇంటిపన్ను నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇంటిపన్ను మరీ నెమ్మదిగా కూడా కాదు, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుంది, ఆయన ఉన్నన్నాళ్ళూ తగ్గింది, ఆ సంవత్సరం నాకు గుర్తుచేసేవాళ్ళు లేక తగ్గలేదు.

అదయ్యాక ఇంకో పని చేయండి. కేంద్రప్రభుత్వానిది సంచార్ సాథీ అని ఒక వెబ్‌సైటుంది, 2023లో వచ్చింది. అందులో మన నెంబరు కొట్టి ఓటీపీ చెబితే మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. నా పేరున మూడు కనిపించాయి. ఒకటి నాది, ఒకటి మావాడు ఇంజనీరింగు చదివేటప్పుడు నా ఆధార్ మీద తీసుకుని మరిచిపోయింది, మూడోది ఎవరిదో దేవుడికే తెలియాలి. అది నాది కాదు అని అక్కడే నొక్కి ఫిర్యాదు పెట్టాను. ఎప్పుడో జిరాక్సు షాపులో వదిలేసిన ఆధార్ కాపీ పుణ్యం అయ్యుంటుంది.

ఇదంతా నా సొంత గొడవ అయితే పేపరుకెక్కించేదాన్ని కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఇద్దరు పిల్లలు. 2025 జూన్‌లో బడిపిల్లల తల్లులకు తల్లికి వందనం పథకం డబ్బులు వేశారు కదా, పిల్లకు 15 వేలలో స్కూలు నిర్వహణకు 2 వేలు పోను 13 వేలు చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి. వీధిలో అందరికీ పడ్డాయమ్మా నాకే పడలేదు అని వారం రోజులు మొత్తుకుంది. వార్డు సచివాలయంలో అడిగితే పడ్డాయన్నారు. ఆమెకు తెలియలేదంతే, ఎందుకంటే ఖాతా ఆమెది, నెంబరు మొగుడిది, ఏటీఎం కార్డు కూడా అతని జేబులోనే. మెసేజి వచ్చిన రాత్రే తీసేశాడట, కొంత అప్పు తీర్చాడు, మిగతాది ఏం చేశాడో వీధి మొత్తానికీ తెలుసు. ప్రభుత్వం డబ్బు తల్లికే వేసింది, లెక్క ప్రకారం తప్పేమీ లేదు. మెసేజి మాత్రం తండ్రికి వెళ్ళింది.

మా ఆడపడుచుది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడినప్పుడు కింది వాటా అంతా మునిగి, మేడమీద పిల్లలతో రోజుల తరబడి కూర్చున్నారు. కింది అంతస్తు మునిగినవాళ్ళకు 25 వేలు, పై అంతస్తులవాళ్ళకు 10 వేలు సాయం ప్రకటించారు. ఆవిడ డబ్బు రాలేదు రాలేదంటే తీరా చూసుకుంటే ఎన్నడో ఏదో పథకం కోసం తెరిచి మరిచిపోయిన వేరే బ్యాంకు ఖాతాకు పడి ఉంది. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, మనం రోజూ వాడే ఖాతాకు కాదు, ఆధార్‌ను ఆఖరున ఏ బ్యాంకు ఖాతాకు సీడింగ్ చేశారో, అంటే ముడిపెట్టారో, దానికి వెళ్తుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు. ఇక్కడా మెసేజి వచ్చింది, వాళ్ళ పెద్దబ్బాయి పాత నెంబరుకు. ఇది ఎవరి తప్పని అంటాం?

నేను రాజకీయాల్లోకి వచ్చేది ఇక్కడే, వద్దనుకున్నా రాక తప్పడం లేదు. ఇవాళ ఏ పార్టీ అయినా ఆడవాళ్ళ పేరు మీదే డబ్బు వేస్తోంది, ఇళ్ళపట్టా ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తామంటోంది. మంచిదే. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. అయినా మా పుట్టింటి ఊళ్ళో, తెనాలి దగ్గర, సర్పంచి గారు వస్తున్నారంటే బుల్లెట్టు మీద ఆవిడ భర్త దిగుతాడు, ఆవిడ సంతకానికి మాత్రం కాగితాలు ఇంటికి వెళ్తాయి. ఇదివరకు సంతకం దగ్గర జరిగిన ఆ తతంగమే ఇప్పుడు ఓటీపీ దగ్గర జరుగుతోంది. సంతకానికైనా కాగితం ఇల్లు చేరేది, ఆవిడ కళ్ళబడేది. ఓటీపీకి ఆ మాత్రం కూడా అక్కర్లేదు.

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న పెట్టారు, అది ఒక ప్రభుత్వం. వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర 2025 జనవరి 30న మొదలైంది, మొదట్లోనే 161 సేవలు అన్నారు, అది ఇంకో ప్రభుత్వం. ఎవరు పెట్టారన్నది నాకు అనవసరం, నేను రెండూ వాడుకుంటున్నాను. మన మిత్ర నెంబరు 95523 00009, ఫోనులో ఉంచుకోండి, కరెంటు బిల్లు, ఇంటిపన్ను, కొన్ని సర్టిఫికెట్లు అన్నీ దాంట్లోనే అడుగుతాను, ఆఫీసు మెట్లు ఎక్కే పని తప్పినందుకు నా మోకాళ్ళు రెండూ దణ్ణం పెడుతున్నాయి. అయితే ఆఫీసు ఫోనులోకి వచ్చేసిందంటే ఫోను లేనివాళ్ళకు ఆఫీసు లేనట్టే కదా. నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు, ఖర్చు కూడా లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షన్లు ఇవ్వడానికి సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వస్తున్నారు. ఆ వచ్చిన మనిషి ఒక్క నెల, ఒక్క ప్రశ్న అడగాలి: అమ్మా, మీ ఆధార్‌కు, బ్యాంకుకు ఉన్న నెంబరు ఎవరిది? తమది కాదంటే అక్కడే రాసుకుని, ఆ వార్డుకు ఒక రోజు ఆధార్ మిషను తెప్పించాలి. అంతే.

ఇక ఇంట్లో సంగతి. నేను సొంతంగా ఫోన్‌పే పెట్టుకుంటానంటే మా అబ్బాయి ససేమిరా అన్నాడు. "నీకెందుకమ్మా, నేనున్నాగా, ఏం కావాలన్నా ఇక్కడ్నుంచి ఆర్డరు పెడతా." వాళ్ళ నాన్న గొంతే, ఊరు మారిందంతే. వాడికి నా మీద ప్రేమ లేక కాదు. కానీ రైతుబజారులో కొత్తిమీర కట్ట కొనడానికి బెంగళూరుకు ఫోన్ చేసి, వాడు మీటింగులో ఉంటే ఆ ముసలమ్మ ముందు కట్ట పట్టుకుని నిలబడడం నా వల్ల కాదు. చిల్లర ఇద్దామంటే, మన ఊళ్ళో పది రూపాయల బిళ్ళ తీసుకోరు, రిజర్వు బ్యాంకు చెల్లుతుందని ఎన్నిసార్లు చెప్పినా తీసుకోరు, అదే పది రూపాయలు ఫోన్‌పే చేస్తే సంతోషంగా తీసుకుంటారు, పైగా డబ్బాలోంచి మహేష్ బాబు గొంతుతో చెప్పిస్తారు.

చివరికి పై వాటా అమ్మాయి నేర్పింది. రోజుకు పది రూపాయల పాఠం. మొదటి వారం ఆ పిల్లకే పది పంపేదాన్ని, తను నాకు తిరిగి పంపేది. నేర్పేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను, టీచరుగా చెబుతున్నాను: ఫోను మీ చేతిలోకి తీసుకోకండి. "ఇలా ఇవ్వమ్మా" అని లాక్కుని టకటకా నొక్కి "చూశావా, ఇంతే" అని తిరిగిస్తారు చూడండి, బోర్డు మీద లెక్క నేనే చేసి చెరిపేస్తే పిల్లాడికి ఏం వస్తుంది? వాళ్ళ వేలితోనే నొక్కించండి, పదిసార్లు తప్పు నొక్కనివ్వండి.

నేను చేసుకున్న ఏర్పాటు చెబుతాను, నచ్చితే మీరూ చేసుకోండి. పెన్షను పడే ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే ఏదీ తగిలించలేదు. వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, అందులో అయిదు వేలు మించకుండా ఉంచి, ఫోనుకు దాన్నే కలిపాను. పోయినా అయిదు వేలే పోతాయి, ఆ ధైర్యంతోనే నేర్చుకున్నాను. కూరలకు, ఆటోకు యూపీఐ లైట్ అని ఉంది, దాంట్లో కొంచెం వేసుకుంటే పిన్ను కొట్టకుండానే చిన్న చిన్నవి వెళ్తాయి, బజారులో పదిమంది చూస్తుండగా పిన్ను కొట్టే బాధ ఉండదు. ఇంకోటి, యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది, మన ఖాతా నుంచి ఇంకొకరు ఖర్చుపెట్టుకునేలా నెలకు పదిహేను వేల దాకా పరిమితి పెట్టి అనుమతి ఇవ్వొచ్చు. మావాడు దాంట్లో నన్ను చేరుస్తానన్నాడు. వద్దు, నేనే నిన్ను చేరుస్తా అన్నాను. ఇప్పుడు నాకు మందులు తెప్పించాలంటే వాడు నా డబ్బుతో ఆర్డరు పెడతాడు, నా ఫోనుకు మెసేజి వస్తుంది. ఇంత చిన్న మార్పుకు మా ఇద్దరి మధ్య మూడు రోజులు మాటల్లేవు. ఇప్పుడు వాడే వాళ్ళ ఫ్రెండ్సుకు గొప్పగా చెబుతున్నాడట.

పిన్ను సంగతి అందరికీ చెప్పేదే, మళ్ళీ చెబుతాను. డబ్బు పంపడానికి పిన్ను కావాలి, రావడానికి పిన్ను అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ను కొట్టండి" అన్నవాడు దొంగ, వాడు ఎంత తీయగా అండీ అండీ అన్నా సరే.

నాకూ వచ్చింది మోసగాళ్ళ ఫోను. ముంబై పోలీసులమన్నాడు, నా ఆధార్ మీద పార్శిల్లో మత్తుమందు దొరికిందన్నాడు, వీడియోలో ఖాకీ చొక్కా, వెనక గోడకు గాంధీగారి ఫోటో. గది దాటి వెళ్ళకూడదు, ఎవరికీ చెప్పకూడదు, డిజిటల్ అరెస్టు అన్నాడు. నిజం చెప్పొద్దూ, గుండె దడదడలాడింది, ఒక్క నిమిషం నమ్మాను కూడా, ఆ మూడో సిమ్ గుర్తొచ్చి. తర్వాత నాలో టీచరు లేచింది. "నాయనా, అరెస్టు చేసేవాడివి ఇంటికి రా, బ్రాడీపేట, ఎన్నో లైనో ఎన్నో అడ్డరోడ్డో నా ఆధార్‌లోనే ఉంటుంది కదా చదువుకో" అని పెట్టేశాను. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో కూడా చెప్పారు. నేను తెలివైనదాన్ని కాబట్టి తప్పించుకున్నానని అనుకోవద్దు. మా బంధువుల్లో ఒకాయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, దాదాపు రెండు రోజులు గదిలోనే కూర్చున్నాడు. ఆయన బ్యాంకు వ్యవహారాలన్నీ కొడుకే చూస్తాడు, ఆయనకు ఏది మామూలో ఏది కాదో తెలియదు. లేఖ రాసిన పెద్దమనిషికి నేను చెప్పదలచుకున్నది ఇదే: ఫోను ముట్టని మనిషికే భయం ఎక్కువ.

ఒకవేళ డబ్బు పోతే? సిగ్గుపడుతూ కూర్చోకండి, తిట్టే పిల్లలు తర్వాత తిడతారు. వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైనుకు, ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే దొంగ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత. బ్యాంకుకూ చెప్పి ఫిర్యాదు నెంబరు రాసుకోండి. మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, మెసేజి అందిన మూడు పనిరోజుల్లోపు చెబితే మన మీద భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లోనే నియమం పెట్టింది. మనమే ఓటీపీ చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే, ఆ తర్వాత పోయేది వాళ్ళది. మూడు రోజుల లెక్క ఎక్కడినుంచి మొదలవుతుందో గమనించారా? మెసేజి అందిన దగ్గర్నుంచి. అది ఎవరి ఫోనుకు వెళ్ళిందో మీకు తెలుసు.

నామినీ గురించి రెండు ముక్కలు. మావారి డిపాజిట్లలో ఒకదానికి నా పేరుంది, ఒకదానికి ఎప్పుడో పోయిన మా అత్తగారి పేరుంది! మార్చడం మరిచిపోయారు. లెక్కలు చూసే మనిషే ఇలా మరిచిపోతే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత వాటానో కూడా రాయొచ్చు. కానీ నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషే గానీ సొంతదారు కాదు, పిల్లల మధ్య గొడవ రాకూడదంటే వీలునామా వేరే రాయాలి. భార్యాభర్తల జాయింటు ఖాతా అయితే ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా, ఒకరు పోతే రెండోవాళ్ళు నడుపుకునేలా ఉందో లేదో పాసుబుక్కులో చూసుకోండి. పదేళ్ళుగా ఎవరూ ముట్టని డిపాజిట్లు ఉన్నాయేమో వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు వాళ్ళది ఉద్గమ్ అని ఒక వెబ్‌సైటు ఉంది. పై వాటా అమ్మాయి చేత వెతికిస్తే మా మామగారి పేరున ఒకటి తేలింది. ఎంతో అనుకున్నాం, పదకొండు వందల చిల్లర.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టాను. అందులో పిన్నులు రాయలేదు. ఏ ఖాతా ఏ బ్యాంకులో, దేనికి ఏ నెంబరు, నామినీ ఎవరు, ఇన్సూరెన్సు ఎప్పుడు కట్టాలి, గ్యాసు కనెక్షను ఎవరి పేరున, అంతే. ఫోను లాకు మాత్రం మా అమ్మాయికి చెప్పాను. అబ్బాయికి ఎందుకు చెప్పలేదని అడక్కండి, కోడలు కూడా ఈ పేపరు చదువుతుంది.

చివరగా మీకే ఒక విన్నపం. మీ పేపర్లో రోజూ మూడో పేజీలో పంచాంగం వేస్తారు, రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని పెద్దవాళ్ళందరూ ముందు చూసేది అదే. ఆ గళ్ళ కిందనే, డబ్బు పోతే 1930 అని కాస్త పెద్ద అక్షరాల్లో రోజూ వేయండి. చోటు పెద్దగా పట్టదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
బ్రాడీపేట, గుంటూరు.